పంజా కొనబోతున్న అల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మట్టి తవ్వే చెయిన్ మిషన్‌కి కంప పట్టి ఎత్తే పంజా బిగించి చిల్లకంప, అదే సర్కారు తుమ్మ, తీసే కాంట్రాక్టు పట్టావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషంతో కాసేపు మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం దడ మొదలైంది. మీ అత్త అయితే బీపీ మాత్ర వేసుకున్నావా అని రెండుసార్లు అడిగింది. ఫోన్‌లో చెబితే ఊఁ ఊఁ అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

కొనేటప్పుడు రంగు చూసి మోసపోకు. బండి ఎత్తగలిగే బరువులోంచి పంజా బరువు తీసెయ్, మిగిలిందే నువ్వు ఎత్తే కంప. బండి చెయ్యి, అదే బూమ్, చాచేకొద్దీ అదీ తగ్గుతుంది. పంజా తగిలించే పిన్ను లావు, ఆ పిన్ను దూరే చెవుల మధ్య సందు వెర్నియర్‌ స్కేలుతో కొలిచి తీసుకెళ్లు. నీ బండికి ఉన్నది రాళ్లు పగలగొట్టే బ్రేకర్‌కి వేసిన ఆయిల్ లైనట. బ్రేకర్‌కి ఆయిల్ ఒకవైపు వెళితే చాలు. పంజా తెరవాలి, మూయాలి కాబట్టి రెండు వైపులా నడిచే లైను వేయించాలి. ఆ ఖర్చు లెక్కలో వేసుకున్నావా? వేసుకోలేదు, నాకు తెలుసు. పంజాను గుండ్రంగా తిప్పే రొటేటర్ మొదటి ఏడాది వద్దు, కంప కుప్పెయ్యడానికి అంత సోకు అక్కర్లేదు. సిలిండర్ రాడ్డుకు గార్డు లేనిది ఊరికే ఇచ్చినా తీసుకోకు.

పంజాతో తవ్వకు. మొద్దును బకెట్‌తో పెకలించాకే పంజాతో ఏరు. మొదలు భూమిలో మిగిలిందా, సర్కారు తుమ్మ మళ్లీ చిగురిస్తుంది, రైతు నిన్నే తిడతాడు. గ్రీజు రోజూ పొద్దున్నే, దుమ్ములో అయితే మధ్యాహ్నం కూడా.

ఇక అసలు సంగతి. నా ఎడమ చేతి చూపుడు వేలు బావి గిలకలో పడి తెగిందని నీ చిన్నప్పుడు చెప్పాను. అది అబద్ధం.

అప్పటికి నాకు ముప్పై కూడా నిండలేదు. చెరువు కట్ట మీద కంప పని. పంజా పట్టు సడలుతోందని దిగి చూస్తే పైపు దగ్గర ఆయిల్ సన్నటి పొగలా లేస్తోంది. ఇంజను ఆపితే లీకు ఎక్కడో తెలియదని ఆపలేదు. పైపు వెంట చెయ్యి పోనిచ్చాను. చీమ కుట్టినట్టయింది. చూస్తే సూదిమొనంత చుక్క, రక్తం కూడా లేదు. చిల్లముల్లే అనుకుని గుడ్డతో తుడుచుకుని సాయంత్రం దాకా బండి నడిపాను. లారీ టైరులో గాలి ప్రెషర్ 8 బార్లు ఉంటుంది. ఆ పైపులో ఆయిల్ ప్రెషర్ 200 బార్లు దాటుతుంది. దానికి చర్మం ఓ లెక్కా?

రాత్రికి వేలు వంకాయలా ఉబ్బింది. మీ అమ్మమ్మ పసుపు పట్టు వేసింది. తెల్లారి డాక్టరుకు కూడా ముల్లు అనే చెప్పాను, ఆయన సూది వేసి పంపాడు. మూడో రోజు గుంటూరు వెళ్లేసరికి వేలు నల్లబడిపోయింది. మొదటి గంటల్లోనే వచ్చి ఉంటే కోసి ఆయిల్ కడిగేసేవాళ్లం అన్నారు. మీ అమ్మ పెళ్లికి దాచిన డబ్బు ఆస్పత్రికి పోయింది. ఈనాటికీ తను నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే నీకు గిలక కథ చెప్పాల్సి వచ్చింది.

లీకు అనుమానం వస్తే పంజా నేలకు ఆనించి ఇంజను ఆపు. తాళం ఆన్‌లో ఉంచి లివర్లు అటూ ఇటూ ఆడిస్తే లోపలి ప్రెషర్ దిగుతుంది. నడుస్తుండగానే చూడాల్సి వస్తే కళ్లద్దాలు పెట్టుకుని, అట్టముక్క అడ్డం పెట్టి చూడు. చెయ్యి పెట్టావంటే నా మీద ఒట్టే. పొరపాటున ఆయిల్ ఒంట్లోకి దిగితే, నొప్పి లేకపోయినా ఆ క్షణమే పెద్దాస్పత్రికి పో. ముల్లు అనకు, ప్రెషర్ ఆయిల్ అని చెప్పు.

నాలుగేళ్ల వయసులో నా ఒళ్లో కూర్చుని లివర్ పట్టుకుని, దిగమంటే ఏడ్చినవాడివి. ఇప్పుడు దిగమని నేనెలా అంటాను?

మీ అత్త ఆవకాయ పంపుతోంది. జాడీ తీసుకుని అట్టపెట్టె పారేయకు, సీటు వెనక పెట్టుకో.

ఇట్లు,
మీ మామయ్య