మొద్దుబారిన పాదం తరఫున జవాబు ఎవరు చెప్పాలి?

ప్రశ్న: మా నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగరు ఉంది, అరికాళ్లు మొద్దుబారాయంటారు. పాదాల గురించి ప్రశ్నలు అడిగి సలహాలిచ్చే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను తమ్ముడు ఆయన ఫోనులో పెట్టాడు. ఇక ఆసుపత్రికి వెళ్లకపోయినా ఫరవాలేదా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వెళ్లి తీరాలి. ఎప్పుడు వెళ్లాలో గుర్తుచేసే సాధనంగా మాత్రం ఆ ప్రోగ్రామ్‌ను నిశ్చింతగా వాడుకోండి. వైద్యుల అనుభవాన్ని 'ఇలా ఉంటే ఇలా చేయాలి' అనే సూత్రాలుగా రాసిపెట్టి, మన జవాబులను వాటితో సరిచూసి సలహా ఇచ్చే ఇటువంటి వాటిని నిపుణ వ్యవస్థలు అంటారు. 1970లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇన్ఫెక్షన్ల చికిత్స కోసం రూపొందించిన మైసిన్ వాటిలో తొలితరానిది. పాదాల విషయంలో ఈ పద్ధతి బాగా నప్పుతుంది. స్పర్శ, రక్తప్రసరణ రెండూ బాగుంటే ఏడాదికొకసారి పరీక్ష చాలు. స్పర్శ తగ్గితే 6 నుంచి 12 నెలలకొకసారి, దానికి తోడు పూర్వం పుండు పడి మానిన పాదమైతే 1 నుంచి 3 నెలలకొకసారి చూపించుకోవాలి.

చిక్కంతా మనమిచ్చే జవాబులోనే ఉంది. "నొప్పి ఉందా?" అని అడిగితే, చెప్పులోంచి మేకు గుచ్చుకుంటున్నా సరే, స్పర్శ పోయినవారు లేదనే చెబుతారు. అందుకే జవాబులు నాన్నగారి చేత కాక, ఆయన పాదాలను కళ్లారా చూసిన మీ చేత ఇప్పించండి. రోజూ వేళ్ల సందులు, మడమలు, అరికాళ్లు వెలుతురులో చూడండి. చెప్పుల లోపల చేత్తో తడమండి. ఆయనను కళ్లు మూసుకోమని, రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను మీ చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకి, తెలిసినప్పుడు చెప్పమనండి. ఆరింటిలో రెండు చోట్ల తెలియకపోయినా స్పర్శ తగ్గినట్లే లెక్క. వైద్యులైతే 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో పరీక్షిస్తారు. ఆ పరీక్ష ముందు చేయించి, ఆ ఫలితాన్నే ప్రోగ్రామ్‌కు ఇవ్వండి.

కొత్త పుండు, చీము, నలుపు కనిపిస్తే ప్రోగ్రామ్ ఏమి చెప్పినా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పుండు లేకుండానే ఒక పాదం వేడెక్కి, ఎర్రబడి వాచినా అంతే: అది లోపల ఎముకలు దెబ్బతింటున్నాయనడానికి గుర్తు కావచ్చు, నొప్పి లేదు కదా అని నడిస్తే పాదం ఆకారమే మారిపోతుంది. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోమనో, మొద్దుబారిన పాదానికి వేడినీళ్ల కాపడం పెట్టమనో చెప్పే ప్రోగ్రామ్ అయితే వెంటనే తీసివేయించండి.