సెకండ్ హ్యాండ్ కారుకి 'ఫుల్ సర్వీస్ రికార్డు' ఉందంటే నమ్మేయొచ్చా?

మీరు చూస్తున్నది 2018 స్విఫ్ట్ పెట్రోల్, మీటర్ మీద 52 వేలు, సెకండ్ ఓనర్ బండి. కూకట్‌పల్లిలో పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీ వాళ్లు ఇన్‌స్పెక్షన్ రిపోర్టు చూపించారు, అందులో అన్నీ టిక్కులే ఉన్నాయి, సర్వీస్ రికార్డు కూడా ఫుల్ అంటున్నారు, టోకెన్ ఇచ్చేయొచ్చా అని అడిగారు. ఈ రోజైతే ఇవ్వకండి.

రిపోర్టు తప్పుడుదని అనను. బండి ఈ రోజు ఎలా ఉందో అది చెబుతుంది, అదీ అమ్మేవాళ్లు పిలిపించిన మనిషి చూసినంత వరకే. ఇన్నేళ్లు దాన్ని ఎలా తిప్పారో తెలియాలంటే పాత బిల్లులే దిక్కు.

మా తమ్ముడి కోసం వెతుకుతున్నప్పుడు నిజాంపేటలో ఒక హ్యాచ్‌బ్యాక్ చూశాం. మీటర్ 46 వేలు, సీట్లు కొత్తవాటిలా ఉన్నాయి, మా వాడు అప్పుడే రంగుతో సహా సెటిలైపోయాడు. బండి నంబరు రాసుకుని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాం. కౌంటర్‌లో అడ్వైజర్ నంబరు కొట్టగానే తేదీలు, పక్కనే కిలోమీటర్లు వరసగా వచ్చాయి. 2019లో 18 వేలు, 2020లో 31 వేలు, 2021 చివర్లో 58 వేలు. ఆ తర్వాత ఖాళీ. ఆయన ఒక్క మాట అనలేదు, స్క్రీన్ మావైపు కాస్త తిప్పి ఫోన్ ఎత్తుకున్నాడు. ప్రింట్ కావాలంటే మాత్రం ఓనర్ రావాలన్నారు, అదీ న్యాయమే. అమ్మే అతన్ని అడిగితే "మీటర్ బోర్డు మార్పించి ఉంటారు సార్" అన్నాడు. మార్పించి ఉండొచ్చు, అలాంటప్పుడు దానికీ ఒక బిల్లు ఉండాలి కదా!

కాబట్టి మీరు మొదట చేయాల్సింది ఓనర్‌ని పట్టుకోవడం. కన్సల్టెన్సీ వాళ్లు నంబరు ఇవ్వడానికి తటపటాయిస్తారు, వాళ్ల కమిషన్ పోతుందని భయం. వాళ్లని కూడా వెంట రమ్మనండి, కమిషన్ ఎక్కడికీ పోదు. ఓనర్ ఫోన్‌లో కంపెనీ యాప్ ఉంటే సర్వీస్ హిస్టరీ చాలాసార్లు అందులోనే దొరుకుతుంది.

బిల్లులు చేతికొచ్చాక తేదీల వరసలో పేర్చి చూడండి. ఈ బండికి పది వేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు సర్వీస్ చేయించాలి. 2020లో లాక్‌డౌన్ వల్ల గ్యాప్ ఉంటే పట్టించుకోనక్కర్లేదు. మిగతా చోట్ల గ్యాప్ కనిపిస్తే, ఆ గ్యాప్ తర్వాత వచ్చిన మొదటి బిల్లు జాగ్రత్తగా చదవండి. ఆయిల్, ఫిల్టర్లు ఉంటే బద్ధకం అనుకోవచ్చు. బంపర్, హెడ్‌లైట్, రేడియేటర్, కండెన్సర్, వాటికి తోడు టింకరింగ్, పెయింటింగ్ అన్నీ ఒకే బిల్లులో ఉన్నాయంటే ముందు భాగం గట్టిగా గుద్దుకున్న బండి. 30 వేల కిలోమీటర్లకే క్లచ్ ప్లేట్ మార్చి ఉంటే ఎవరు నడిపారు, ఎక్కడ నడిపారు అని అడగండి.

వారంటీ అయ్యాక బయటి మెకానిక్ దగ్గర చేయించారంటే అదేమీ మైనస్ కాదు, నేనూ అదే చేస్తాను. కానీ ఆయిల్ కొన్న బిల్లు, స్పేర్ పార్టుల షాపు రసీదు, మెకానిక్‌కి ఫోన్‌పే చేసిన మెసేజ్, ఏదో ఒకటి చూపించగలగాలి. ఏ బిల్లూ లేకుండా 50 వేల కిలోమీటర్లు తిరిగిన బండి కన్నా అన్ని బిల్లులూ ఉండి 90 వేలు తిరిగిన బండికి నేను ఎక్కువ డబ్బులు పెడతాను. మా ఇంట్లో ఈ మాటకి ఎవరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి.

చాలామంది చూడకుండా వదిలేసేది ఇన్సూరెన్స్ పాలసీ కాపీ. అందులో ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) అని ఒక శాతం ఉంటుంది, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు అది. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20, తర్వాత 25, 35, 45, చివరికి 50. క్లెయిమ్ చేస్తే తర్వాతి రెన్యువల్‌లో మళ్లీ సున్నా. ఎన్‌సీబీ ఓనర్‌కి చెందుతుంది, బండితో రాదు. అంటే సెకండ్ ఓనర్ కొని నాలుగేళ్లయిందీ, పాలసీలో ఎన్‌సీబీ సున్నా ఉందీ అంటే క్లెయిమ్ దేనికి చేశారని అడగాల్సిందే. పాలసీ గడువు తప్పి చాలా రోజులు కట్టకపోయినా సున్నా అవుతుంది. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ తీసుకుని ఉంటే క్లెయిమ్ చేసినా తగ్గకపోవచ్చు, కనుక అదీ ఉందేమో చూడండి.

మన ఊళ్లో ఇంకో భయం నీళ్లు. 2020 అక్టోబరు వానలకు టోలిచౌకి నదీమ్ కాలనీ లాంటి చోట్ల కార్లు మునిగిపోయాయి. అలాంటివి శుభ్రం చేసి అమ్మేస్తారు. సీట్ బెల్టు చివరిదాకా బయటికి లాగండి, లోపలి భాగంలో మట్టి చార ఉంటే తెలిసిపోతుంది. డిక్కీలో మ్యాట్ ఎత్తి స్టెప్నీ తీసి కింద రేకు చూడండి, సీటు కింద పట్టాలకు తుప్పు ఉందేమో చేత్తో తడమండి. పెర్ఫ్యూమ్ వాసన మరీ ఘాటుగా ఉన్నా నాకు అనుమానమే. స్టెప్నీ తీసినప్పుడే దాని పక్కగోడ మీద నాలుగు అంకెలు చదవండి. 1018 అంటే 2018లో పదో వారం తయారైంది. స్టెప్నీ వాడకుండా ఉంటే బండి వయసుకి సరిపోవాలి.

మెకానిక్‌ని తీసుకెళ్తే బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ కూడా తెమ్మనండి. ఎర్రర్ కోడ్‌లు లేకపోవడమే కాదు, ఎప్పుడు చెరిపారో కూడా చూడమనండి. చాలా బండ్లలో కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అందులో వస్తుంది. నిన్నే చెరిపి ఉంటే ఎందుకో తెలుసుకోవాలి.

ఆర్సీ వివరాలు ప్రభుత్వ యాప్ ఎం-పరివాహన్‌లో, పెండింగ్ చలాన్లు తెలంగాణ పోలీసు ఈ-చలాన్ సైట్‌లో చూసేయండి, పెద్ద పని కాదు. చలాన్‌తో ఫోటో కూడా వస్తుంది, ఆ తేదీకి బండి ఏ అవతారంలో ఉందో చూడొచ్చు. ఆర్సీలో బ్యాంకు పేరుంటే, అంటే బండి మీద లోన్ ఉంటే, బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఆర్సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. వేరే రాష్ట్రం నంబరైతే ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కూడా ధరలో కలిపి లెక్కేసుకోండి.

ఇవన్నీ సరిపోతే టోకెన్ ఇవ్వండి. రసీదు మీద బండి నంబరు, ఆ రోజు మీటర్ రీడింగ్, సర్వీస్ రికార్డు తేడా వస్తే టోకెన్ వాపసు అన్న మాట రాయించుకోండి. ఆ మాట రాయడానికి వాళ్లు ఒప్పుకోకపోతే వేరే స్విఫ్ట్ చూసుకోండి, హైదరాబాద్‌లో స్విఫ్ట్‌లకి కరువేం లేదు.