షార్ట్ షిఫ్టర్ కొనేముందు లోపలి బుష్‌లు ఒకసారి చూడండి

మీది 2000 మోడల్ మియాటా (మాజ్దా వాళ్ల రెండు సీట్ల స్పోర్ట్స్ కారు), ఫైవ్ స్పీడ్, లక్షా పదివేల మైళ్లు తిరిగిన బండి. గేర్ రాడ్ వదులుగా ఊగుతోంది, గేర్ పడిందో లేదో చేతికి తెలియడం లేదు. షార్ట్ షిఫ్టర్ (కొంచెం కదిపితే చాలు గేర్ పడేలా చేసే రాడ్) వేస్తే బాగవుతుందా, ఇంట్లోనే వేసుకోవచ్చా, గేర్‌బాక్స్‌కి ఏమైనా అవుతుందా అని అడిగారు.

సరిగ్గా ఇదే బాధతో నేను నా 1999 మియాటాకి షార్ట్ షిఫ్టర్ వేశాను. న్యూజెర్సీలో ఉంటాను, మెకానిక్‌ని కాదు, వారమంతా కంప్యూటర్ ముందే. శనివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి అయిపోయింది. కాబట్టి ఇంట్లో వేసుకోవచ్చు. వేస్తే బాగవుతుందా అన్నదానికి మాత్రం ఒక్క ముక్కలో జవాబు లేదు.

అసలు ఇది ఏం చేస్తుందో చూద్దాం. చిన్నప్పుడు ఆర్టీసీ బస్సులో డ్రైవర్ పక్కన బానెట్ మీద కూర్చుని ప్రయాణం చేసి ఉంటే ఆ గేర్ రాడ్ గుర్తుండే ఉంటుంది. మనిషి చెయ్యంత పొడవు, పైన గుండు, బండి నిలబడి ఉన్నా గజగజా వణుకుతూ ఉండేది. డ్రైవర్ దాన్ని ఈ మూల నుంచి ఆ మూలకి లాగేవాడు. అంత పొడవు ఎందుకంటే, రాడ్ ఎంత పొడుగైతే చేతికి బరువు అంత తక్కువ. గునపంతో బండరాయి లేపడం లాంటిదే. షార్ట్ షిఫ్టర్ దీన్ని తిరగేస్తుంది. దూరం తగ్గిస్తుంది, బరువు పెంచుతుంది.

లెక్క కోసం, రాడ్ మధ్యలో ఇరుసులా ఉండే బంతికి పైన 20 సెంటీమీటర్లు, కింద 5 సెంటీమీటర్లు ఉన్నాయనుకోండి. కింద కొన ఒక సెంటీమీటర్ కదలాలంటే పైన నాబ్ (చేత్తో పట్టుకునే గుండు) 4 సెంటీమీటర్లు కదలాలి. ఆ బంతిని 2 సెంటీమీటర్లు పైకి జరిపితే పైన 18, కింద 7 అవుతాయి. ఇప్పుడు నాబ్ రెండున్నర సెంటీమీటర్లు కదిలితే చాలు. దూరం మూడో వంతుకి పైగా తగ్గింది. కానీ ఇదివరకు రెండు కేజీల బలంతో పడే గేర్‌కి ఇప్పుడు మూడు కేజీల పైచిలుకు కావాలి. ఎంత ఖరీదైన కిట్ కొన్నా ఈ లెక్క మారదు. రాడ్‌ని పైన కోసి పొట్టి చేసినా, బంతిని పైకి జరిపినా అంతే.

ఇంకో సంగతి కూడా మారదు. గేర్ మార్చినప్పుడు లోపల సింక్రో అనే ఇత్తడి రింగు గేర్‌కి ఉండే శంకు ఆకారపు అంచుని రాసుకుంటూ రెండింటి వేగాన్నీ సమం చేస్తుంది. అయ్యాకే గేర్ లోపలికి వెళ్తుంది. దానికి పట్టే సమయం దానికి పడుతుంది. మన రాడ్ పొట్టిదైందని అదేమీ త్వరపడదు. పొట్టి రాడ్ ఉందని టకటకా గుద్దితే ఆ రింగే అరుగుతుంది. మీరు అడిగిన మూడో ప్రశ్నకి ఇదే జవాబు. షార్ట్ షిఫ్టర్ గేర్‌బాక్స్‌ని పాడు చేయదు, దాన్ని పట్టుకున్న చెయ్యి చేస్తుంది. నా బండిలో చలికాలం పొద్దున్నే సెకండ్ గేర్ ముందునుంచీ కొంచెం మొండికేసేది, మియాటాల్లో అది మామూలే, చలికి ఆయిల్ చిక్కబడుతుంది కదా. షార్ట్ షిఫ్టర్ వేశాక ఆ మొండితనం రెట్టింపైనట్టు అనిపించింది. నిజానికి గేర్‌బాక్స్ అదే, నా చేతికి తెలిసేది పెరిగింది. ఇప్పుడు మొదటి రెండు మైళ్లు సెకండ్‌లోకి మెల్లగా ఆనించి, ఒక్క క్షణం ఆగి, అది లాక్కున్నాకే వదులుతాను.

ఇక పని విషయం. మియాటాలో ఇంజిన్ ముందు, నడిచేది వెనక చక్రాలు. గేర్‌బాక్స్ సరిగ్గా మన మోచేతి కిందే ఉంటుంది కాబట్టి రాడ్ నేరుగా దాంట్లోకే దిగుతుంది, మధ్యలో కేబుళ్లూ లింకులూ ఉండవు. అందుకే పని అంతా సీట్లో కూర్చునే అయిపోతుంది, కారు కిందికి దూరక్కర్లేదు. ఇంజిన్ చల్లబడ్డాకే మొదలుపెట్టండి. ఆ టన్నెల్ (గేర్‌బాక్స్‌ని కప్పే మధ్య గట్టు) ఎంత వేడెక్కుతుందో ఎండాకాలం మీ కుడి కాలికి ఇప్పటికే తెలిసి ఉంటుంది.

చదును నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచండి. నాబ్‌ని ఎడమకి తిప్పితే ఊడి వస్తుంది. కన్సోల్ (సీట్ల మధ్య ఉండే డబ్బా) స్క్రూలు తీసి లేపేటప్పుడు ఒక్కసారిగా లాగకండి, అద్దాల స్విచ్‌ల వైరు కింద తగులుకుని ఉంటుంది, ముందు దాని కనెక్టర్ విప్పాలి. దాని కింద వెడల్పాటి రబ్బరు బూట్ (తొడుగు), నాలుగు బోల్ట్‌లు. అది తీస్తే కింద ఇంకో చిన్న రబ్బరు బూట్, రాడ్‌ని గేర్‌బాక్స్‌కి పట్టి ఉంచే మూడు బోల్ట్‌లు. ఆ మూడూ తీస్తే రాడ్ 'ప్లక్' మని పైకి వచ్చేస్తుంది.

అక్కడ లోపలికి చూసి నేను నిజంగా తెల్లబోయాను. నేననుకున్నది బంగారు రంగు ఆయిల్. ఉన్నది అడుగున కొద్దిగా నల్లటి మడ్డి, ఆవకాయ జాడీ అడుగున మిగిలే పిండిలాగా. ఫైవ్ స్పీడ్ మియాటాలో రాడ్ దిగే ఆ గదికి ఆయిల్ వేరు. కింద గేర్‌బాక్స్ ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా ఇది మారదు. ఫ్యాక్టరీలో పోసిందే ఇరవై ఏళ్లుగా ఉన్న బండ్లు బోలెడు. అక్కడ 80, 90 మిల్లీలీటర్ల ఆయిల్ ఉండాలి. నా బండిలో అందులో పావు వంతు కూడా లేదు. చిన్న రబ్బరు బూట్ మడతల దగ్గర చుట్టూ చిరిగి ఉంది. ఆ సందులోంచే వేడీ చప్పుడూ లోపలికి వస్తున్నాయని అప్పుడు అర్థమైంది. రేడియో సౌండ్ పెంచుకుంటూ మూడేళ్లు నడిపాను!

తీసిన రాడ్ కొన చూస్తే దాని చివర టోపీలాగా ఉండాల్సిన తెల్లటి నైలాన్ బుష్ (రాడ్ కొన వదులుగా ఆడకుండా చూసేది) లేదు. లోపల ఆ మడ్డిలో ముక్కలై పడి ఉంది. గ్యారేజీలో టెలిస్కోపిక్ అయస్కాంతం ఒకటి ఉంటే ఎంతో తెలివిగా దాన్ని తెచ్చి ఐదు నిమిషాలు లోపల తిప్పాను. ఏమీ అంటుకోదు. వెనకనుంచి మా ఆవిడ "ప్లాస్టిక్‌ని అయస్కాంతం పడుతుందా?" అని అడిగేదాకా నాకు తట్టలేదు. చివరికి ఆవిడ కనుబొమల పట్టకారుతోనే మూడు ముక్కలూ ఏరాను. (కొత్తది కొనిచ్చాను, అది వేరే ఖర్చు.) మీకు కూడా ముక్కలు కనిపిస్తే అన్నీ తీసి, బల్ల మీద పేర్చి, టోపీ పూర్తయిందో లేదో చూసుకున్నాకే ముందుకెళ్లండి. ఆ గది నోరు తెరిచి ఉన్నంతసేపూ పని లేనప్పుడు శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచండి. అందులో ఒక వాషర్ పడితే ఆ రోజు మీది కాదు.

పాత ఆయిల్‌ని సిరంజికి చిన్న గొట్టం తగిలించి లాగేశాను. గుడ్డతో తుడిచి, 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పోశాను. జీఎల్-4 రకం తీసుకోండి, ఇత్తడి సింక్రోలున్న గేర్‌బాక్స్‌కి అది మంచిది. బంతికీ, కొత్త బుష్‌కీ పల్చగా గ్రీజు రాసి దించాలి. నేను కొన్న కిట్‌లో రాడ్‌తో పాటు అల్యూమినియం రింగు ఒకటి వచ్చింది, గేర్‌బాక్స్ నోటి మీద పెట్టి బంతిని పైకి లేపేది అదే. దాని కింద సీలెంట్ పల్చటి గీతలా చాలు, ఎక్కువ పూస్తే మిగిలింది లోపలికే జారుతుంది. బోల్ట్‌లు బిగించేటప్పుడు జాగ్రత్త, కింద ఉన్నది అల్యూమినియం, మర పోయిందంటే శనివారం పని నెలరోజుల పనవుతుంది. పొట్టి రాచెట్‌తో, మణికట్టు బలంతో బిగిస్తే చాలు, భుజం వాడకండి.

కన్సోల్ పెట్టేముందే, ఇంజిన్ ఆపి ఉండగానే, క్లచ్ తొక్కి ఐదు గేర్లూ రివర్సూ వేసి చూడండి. రాడ్ దేనికైనా తగులుతోందా, ప్రతి గేర్ పూర్తిగా లోపలిదాకా వెళ్తోందా చూసుకోవాలి. ఇక్కడ కక్కుర్తి పడి కన్సోల్ బిగించేసి, తర్వాత రివర్స్ పడక మళ్లీ అన్నీ విప్పినవాణ్ని నేను. నా విషయంలో రింగు కాస్త వంకరగా కూర్చుంది, అంతే.

మొదటి డ్రైవ్ అద్భుతం. ఫస్ట్ నుంచి సెకండ్, చిటిక వేసినట్టు. రైఫిల్ బోల్ట్ లాగినట్టు ఉందని ఫోన్‌లో అందరికీ చెప్పుకున్నాను. ఓ వారం తర్వాత హైవే మీద గంటకి 70 మైళ్ల వేగం దగ్గర రాడ్ జుయ్ మని మోగడం మొదలైంది. కంపెనీ రాడ్ లోపల రబ్బరు పొర ఉంటుంది, గేర్‌బాక్స్ వణుకుని అది మింగేస్తుంది. నా కొత్త రాడ్ ఒకే ఇనప ముక్క, ఏదీ మింగదు. మా ఆవిడ ఒకసారి నడిపి, "ఇది గేర్ వేయడమా, కోట తలుపు గడియ వేయడమా" అని తాళాలు ఇచ్చేసింది. ట్రాఫిక్‌లో గంటసేపు నడిపితే ఆవిడ మాట తప్పు కాదనిపిస్తుంది.

అసలు కథ ఆ తర్వాతి వేసవిలో. మా బావమరిదికీ మియాటానే, దాదాపు నా అంత తిరిగిన బండి. "బావా, నాకూ అదే వేసిపెట్టు" అన్నాడు. కిట్ రావడానికి టైముంది కదా అని ముందు రెండు బుష్‌లూ (రాడ్ కొనది ఒకటి, బంతి దగ్గరది ఒకటి), చిన్న బూటూ, ఆయిలూ మార్చాం. సామానుకి పాతిక డాలర్లు దాటలేదు, ఈసారి చెయ్యి తిరిగింది కాబట్టి గంటలో అయిపోయింది. ఒక రౌండ్ వేద్దామని వాడి బండి తీసుకుని వెళ్లాను. వీధి చివరికి వెళ్లేసరికి నోట మాట రాలేదు. వదులంతా పోయింది. గేర్ పడ్డప్పుడల్లా చేతికి టిక్ మని తెలుస్తోంది. బరువు లేదు, మోత లేదు. నేను షార్ట్ షిఫ్టర్ ఘనత అనుకున్నదాంట్లో చాలా వరకు కొత్త బుష్‌దీ, కొత్త ఆయిల్‌దీనట! నేను రెండూ ఒకే రోజు మార్చాను కాబట్టి ఏది దేని వల్లో నాకు తెలిసే అవకాశమే లేకపోయింది. వాడు కిట్ వచ్చాక డబ్బా విప్పకుండానే వాపసు పంపేశాడు.

నాది మాత్రం ఇంకా షార్ట్ షిఫ్టరే. తీయాలంటే మళ్లీ కన్సోల్ విప్పాలనే బద్ధకం కొంత. ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద ఆ చిటిక ఇప్పటికీ బాగుంటుంది, దాచడమెందుకు. కానీ మీరు చెప్పిన లక్షణాలు, అంటే వదులు, ఊగడం, పడిందో లేదో తెలియకపోవడం, ఇవి రాడ్ పొడవు వల్ల వచ్చేవి కావు. అరిగిన బుష్ వల్ల వస్తాయి. మియాటా రాడ్ కంపెనీ నుంచి వచ్చినప్పుడే పొట్టిది. దాని గేర్ల సుఖం గురించి జనం ముప్పై ఏళ్లుగా చెప్పుకుంటున్నది షార్ట్ షిఫ్టర్ లేని బండ్ల గురించే కదా.

ఒకవేళ బండి ఆగి ఉన్నప్పుడు ఫస్ట్ గానీ రివర్స్ గానీ గరగరలాడుతూ పడుతుంటే మాత్రం ఇటు చూడకండి, క్లచ్ వైపు చూడండి. మియాటాల్లో క్లచ్ స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని తోసే చిన్న సిలిండర్) కారడం పాత జబ్బు. దాని రబ్బరు తొడుగు కొంచెం తొలగించి చూస్తే తడి ఉందో లేదో తెలిసిపోతుంది.

హైదరాబాద్ నుంచి స్విఫ్ట్‌కో ఐ20కో వేద్దామని ఇది చదువుతున్నవాళ్లుంటే, మీ లెక్క వేరు. ముందు చక్రాలు నడిచే ఆ బండ్లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, రాడ్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య రెండు కేబుళ్లు. వదులుంటే ముందు ఆ కేబుల్ చివర్ల బుష్‌లు చూపించండి. వారంటీలో ఉన్న బండైతే అసలు ముట్టుకోకండి.

మీ వరుస ఇలా పెట్టుకోండి: ముందు రెండు బుష్‌లు, చిన్న బూట్, గేర్ ఆయిల్. రెండు వారాలు నడపండి. అప్పటికీ చెయ్యి దురద పెడితే షార్ట్ షిఫ్టర్, అది కూడా ఫైవ్ స్పీడ్‌కి పనికొచ్చేదేనా అని అడిగి మరీ కొనండి. బూట్ మాత్రం పని మొదలుపెట్టకముందే తెప్పించి దగ్గర పెట్టుకోండి. పాతది చిరిగిందని విప్పాకే తెలుస్తుంది, షాపుకెళ్లి తెచ్చుకుందామంటే అప్పటికి కారుకి గేర్ రాడ్ ఉండదు.