మీటరు యూనిట్, సిరంజి యూనిట్

ప్రశ్న: కరెంటు ఏఈ గారూ, నమస్తే. మా అత్తగారికి షుగరు. పొద్దున 20 యూనిట్లు, రాత్రి 12 యూనిట్లు ఇన్సులిన్ రాశారు డాక్టరు గారు. మొన్న కరెంటు బిల్లు చూసి, "నెలకి ఇల్లంతటికీ 210 యూనిట్లు, నా ఒక్కదానికీ 960. ఇంటికన్నా నేనే ఎక్కువ కాలుస్తున్నానే" అన్నారావిడ. నవ్వుకున్నాం గానీ, ఈ రెండు యూనిట్లకీ ఏమైనా సంబంధం ఉందంటారా?
— ఒక కోడలు, తెనాలి

జవాబు: ఆవిడ గుణకారంలో తప్పేం లేదమ్మా. కాకపోతే ఆ రెండూ ఒకే ఇంటిపేరున్న పరాయివాళ్ళు.

కరెంటు సంగతి ముందు చెబుతాను, నాకు అన్నం పెట్టిన యూనిట్ అది. నీళ్లు కాచుకునే వెయ్యి వాట్ల రాడ్డు గంటసేపు ఆడితే ఒక యూనిట్. ఇంగ్లండులో వెనకటికి దీన్ని బోర్డ్ ఆఫ్ ట్రేడ్ యూనిట్ అనేవారు. మీ మీటరు మీద ఒక చిన్న ఎర్రలైటు మినుకుమంటూ ఉంటుంది చూడండి. దాని పక్కన 3200 అనో 1600 అనో ఒక అంకె ఉంటుంది. ఆ లైటు అన్నిసార్లు మినుకుమంటే ఒక యూనిట్ అయినట్టు. 3200 మీటరైతే, ఆ రాడ్డు ఒక్కటే వేసి చూడండి, దాదాపు సెకనుకోసారి కొట్టుకుంటుంది. అది తీసేసి, వంద వాట్ల ఫ్రిజ్ ఒక్కటే ఆడుతుంటే, పదకొండు సెకన్లకోసారి. అన్నీ కట్టేశాక కూడా జోరుగా మినుకుతోందంటే ఎలక్ట్రీషియన్ని పిలవండి, బిల్లు కొట్టే అబ్బాయిని తిట్టకండి.

ఇన్సులిన్ యూనిట్ పుట్టుక వేరు, అది కుందేలు పుణ్యం. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ మందు తీసిన కొత్తల్లో దాన్ని పూర్తిగా శుద్ధి చేసే దారి లేదు. ఒక సీసా బలం ఇంకో సీసాకి ఉండేది కాదు. తూకం వేసి లాభం లేదు. అందుకని పస్తు పెట్టిన కుందేలుకి ఎక్కించి, దాని రక్తంలో చక్కెర ఫిట్స్ వచ్చేంతగా పడిపోవడానికి ఎంత మందు పడుతుందో చూసి, దాన్నిబట్టి యూనిట్ కట్టారు. అంటే అది మందు బరువు కాదు, మందు చేసే పని. ఇవాళ తూచి చెప్పమంటే, ఒక యూనిట్ మిల్లీగ్రాములో సుమారు ముప్ఫయ్యో వంతు.

నవ్వులాట ఇక్కడితో ఆపి ఒక మాట వినండి. మన దగ్గర ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకి 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఒకటి. సిరంజిలూ రెండు రకాలు. మామూలుగా 40కి ఎర్రమూత, 100కి నారింజమూత. 40 సీసాలోంచి నారింజమూత సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది 8 యూనిట్లే, షుగరు దిగదు. అదే 100 సీసాలోంచి ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగారా, 50 యూనిట్లు వెళ్తాయి. మనిషి పడిపోతుంది. మందుల షాపువాడు "ఏదైనా ఒకటేనండీ" అంటే ఒప్పుకోకండి. సీసా మీదా సిరంజి మీదా ఒకే అంకె ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి.

ప్రశ్న: నాకు విటమిన్ డి గుళిక 60,000 యూనిట్లది ఇచ్చారు. అంత మందు ఒంటికి పడుతుందా?
— ఒక రిటైర్డ్ టీచరు, కరీంనగర్

జవాబు: అంకె పెద్దది, మందు చిన్నది. విటమిన్ డి లెక్కలో 40 యూనిట్లు కలిస్తే ఒక మైక్రోగ్రాము, కాబట్టి 60,000 అంటే ఒకటిన్నర మిల్లీగ్రాము. ఇన్సులిన్ యూనిట్‌తో దీనికి చుట్టరికం లేదు, ఏ మందు యూనిట్ దానిదే. అలాగని తేలిగ్గా తీసుకోకండి. వారానికోసారి అని రాసిన గుళికని పొరపాటున రోజూ మింగి ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు.

ప్రశ్న: మా బావగారి ఆపరేషన్‌కి రెండు యూనిట్ల రక్తం కావాలన్నారు. అంటే రెండు లీటర్లా?
— పాఠకుడు, పాలకొల్లు

జవాబు: బాబూ, మనిషి ఒంట్లో ఉండేదే ఐదు లీటర్లు! రక్తంలో యూనిట్ అంటే ఒక దాత ఒకసారి ఇచ్చింది. సంచిని బట్టి 350 లేదా 450 మిల్లీలీటర్లు. దాంట్లోంచి వేరుచేసిన ఎర్రకణాల సంచీ ఒక యూనిట్ అనే అంటారు. పెద్దవాళ్ళకి అది ఎక్కిస్తే హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరుగుతుంది. ప్లేట్‌లెట్లదీ యూనిట్టే. డెంగీ రోజుల్లో, "యూనిట్ అని చెప్పి ఇంతేనా ఇచ్చేది?" అని గొడవకి దిగేవాళ్ళని చూశాను. ఒక దాత రక్తంలోంచి తీస్తే వచ్చేది 50, 70 మిల్లీలీటర్ల పసుపుపచ్చటి ద్రవం, అంతే. మోసం ఏమీ లేదు.

ప్రశ్న: మా అల్లుడు లండన్‌లో ఉంటాడు. "వారానికి 14 యూనిట్లు దాటను మావయ్యా, ఇక్కడి గవర్నమెంటు లెక్క" అంటాడు. నాకు పెగ్గుల్లో చెప్పండి.
— పేరు వేయవద్దు, గుంటూరు

జవాబు: వేయను లెండి. అక్కడ యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల అచ్చమైన ఆల్కహాలు. మన విస్కీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. 60 మిల్లీలీటర్ల పెగ్గులో పాతిక పైచిలుకు ఆల్కహాలే, అంటే రెండున్నర యూనిట్లు. ఫుల్ బాటిల్‌లో 32. మీ అల్లుడి 14 యూనిట్లకి వారం మొత్తానికి ఐదున్నర పెగ్గులు, హాఫ్ బాటిల్ కూడా తెగదు. అబ్బాయి మాట మీద నిలబడేవాడైతే సంతోషం. పండక్కి వచ్చినప్పుడు గ్లాసు మీరు పోయకండి, కొలిచే మూతతో అతన్నే పోసుకోమనండి.