ముద్ద చేతిలో పట్టుకుని పాప అలా ఆగిపోతోంది.. దిష్టా, ఫిట్సా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పాపకి ఆరేళ్లు. తింటూ తింటూ ముద్ద చేతిలోనే పట్టుకుని పది సెకన్లు ఆగిపోతుంది, పిలిచినా పలకదు. తర్వాత ఏమీ జరగనట్టే తినేస్తుంది. రోజుకి చాలాసార్లు ఇంతే. మొన్న బుడగ ఊదుతుంటే కూడా అలాగే అయింది. అత్తగారు దిష్టి అంటున్నారు, నాకేమో ఫోన్ చూడడం వల్లనేమో అని టెన్షన్. మా మరిది వాడే ఫిట్స్ మాత్ర సగం వేయొచ్చా?

జవాబు: అమ్మా, ముందు మాత్ర సంగతి. సగం కాదు కదా, పావు ముక్క కూడా వేయొద్దు. దాని పేరు మీరు రాయలేదు గానీ, పెద్దవాళ్లకి తరచుగా రాసే కార్బమజెపిన్, ఫెనిటాయిన్ లాంటివి ఈ రకం ఫిట్స్‌ని తగ్గించకపోగా పెంచుతాయి.

మీరు చెప్పింది చూస్తే ఇవి ఆబ్సెన్స్ సీజర్స్, అంటే కొన్ని సెకన్లు స్పృహ లేకుండా ఆగిపోయే ఒక రకం ఫిట్స్ కావచ్చు. కిందపడడం, నురగ రావడం ఉండదు కాబట్టి చాలా ఇళ్లలో వీటిని ఫిట్స్ అనే అనుకోరు, బడిలోనేమో పరధ్యానం అని తిడతారు. పరధ్యానంలో ఉన్న పిల్ల భుజం తడితే ఈ లోకంలోకి వస్తుంది, ఇందులో అలా రాదు.

ఎందుకొస్తాయంటే చాలామందిలో మూలం పుట్టుకతో వచ్చిన జన్యు స్వభావమే, మీ పెంపకం కాదు. ఆ స్వభావం ఉన్న మెదడుని కదిలించేవి కొన్నుంటాయి, వాటిలో మొదటిది మీరే కనిపెట్టారు, బుడగ! గబగబా, గట్టిగా ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి అప్పటికప్పుడే వస్తుంది. మేం డాక్టర్లం కూడా పిల్లల చేత మూడు నిమిషాలు కాగితం ముక్క ఊదించి చూస్తాం, మందు మొదలుపెట్టని పిల్లల్లో ఎక్కువమందికి అక్కడే బయటపడుతుంది. అలాగని ఇంట్లో మాటిమాటికీ ఊదించి చూడకండి. రెండోది నిద్ర చాలకపోవడం, పండక్కో పెళ్లికో రాత్రంతా మేలుకున్న మర్నాడు ఎక్కువ కనిపించొచ్చు. మందు మొదలయ్యాక ఒక పూట మరిచిపోయినా అంతే. ఫోన్ అంటారా, మిణుకుమిణుకుమనే వెలుగుకి వచ్చేది కొద్దిమందికే. రాత్రి పదకొండు దాకా చూస్తే మాత్రం నిద్ర చెడుతుంది కదా, అసలు చిక్కు అక్కడ.

ఈసారి వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, ఆ వీడియో మీ మాటలకంటే ఎక్కువ చెబుతుంది. బరంపురమో, విశాఖో, మీకు ఏది వీలైతే అక్కడ పిల్లల న్యూరాలజిస్టుకి చూపించి ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ అలల్ని నమోదు చేసే పరీక్ష తీయించండి. సెకనుకి మూడు చొప్పున వచ్చే అలలు అందులో కనిపిస్తే రోగం తేలిపోయినట్టే. ఎథోసక్సిమైడ్, వాల్‌ప్రోయేట్ అనే మందులు బాగా పనిచేస్తాయి. రెండోది పెద్దయ్యాక గర్భంతో ఉన్నప్పుడు వాడితే కడుపులో బిడ్డకి హాని చేయొచ్చు, ఆడపిల్ల కాబట్టి దాని గురించి డాక్టర్‌తో వివరంగా మాట్లాడాలి. చాలామందికి పెద్దయ్యే వయసుకి తగ్గిపోతాయి కూడా.

దిష్టి తీసుకుంటే తీసుకోండి, అత్తగారితో గొడవెందుకు, ప్రయాణం మాత్రం వాయిదా వేయకండి. అప్పటిదాకా చెరువుకి, నూతి దగ్గరికి ఒంటరిగా పంపొద్దు. ఒళ్లంతా కొట్టుకుంటూ ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇంకో మాట, మీ వైపు సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) కనిపిస్తుంటుంది. పాపకి గానీ ఆ జబ్బు ఉంటే ఈఈజీకి ముందే చెప్పండి, అలాంటి పిల్లలకి గబగబా ఊదడం ప్రమాదం కాబట్టి ఊదించకుండానే తీస్తారు.