ఇరవై అడుగుల ఫోయర్‌కు ఆరు లక్షల టాపప్ లోనా?

ప్రశ్న: మాది ధర్మవరం. ఉద్యోగాల వల్ల బెంగళూరులో స్థిరపడ్డాం. సర్జాపుర రోడ్డులో డూప్లెక్స్ కొని మూడేళ్లయింది. గుమ్మం దాటగానే 20 అడుగుల ఎత్తున్న ఫోయర్ బోసిగా కనిపిస్తోంది. ఇంటీరియర్ వాళ్లు 6 లక్షలకు కొటేషన్ ఇచ్చారు. షాండ్లియర్ (పైనుంచి వేలాడే దీపాల గుత్తి) 2.10 లక్షలు, ప్యానెలింగ్ (గోడకు పలకల తొడుగు) 2.40 లక్షలు, ఫాల్స్ సీలింగ్, లైట్లు కలిపి 90 వేలు, పెయింటింగ్ 60 వేలు. బ్యాంకు ఇంటి రుణంపైనే 9 శాతానికి టాపప్ (అదనపు అప్పు) ఇస్తానంటోంది, నెలకు 6 వేల చిల్లరే అట. ఇద్దరి జీతాలు కలిపి 1.90 లక్షలు. ఇంటి రుణం ఈఎంఐ 78 వేలు, ఇంకా 15 ఏళ్లు కట్టాలి. ఇంటి ఖర్చు 60 వేలు, సిప్ 15 వేలు. ఎఫ్‌డీ 4 లక్షలుంది, ఈమధ్యే 2 లక్షల బోనస్ వచ్చింది. టాపప్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. 6 లక్షలకు 9 శాతం చొప్పున 15 ఏళ్లకు ఈఎంఐ 6,086 రూపాయలు. తేలిగ్గానే అనిపిస్తుంది. కానీ 180 నెలలు కట్టేసరికి వడ్డీయే 4.95 లక్షలవుతుంది. అదే 6 లక్షలకు 14 శాతం పర్సనల్ లోన్ తీసుకుని ఐదేళ్లలో తీర్చేసినా వడ్డీ 2.38 లక్షలే. పర్సనల్ లోన్ తీసుకోమని చెప్పడం లేదు. వడ్డీ రేటు ఎంతో చూసి ఊరుకోకుండా, ఎన్నేళ్లు కడతామో కూడా చూడమంటున్నాను.

పన్ను మిగులుతుందని కూడా ఆశపడొద్దు. కొత్త విధానంలో, మనమే ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు. పాత విధానంలో ఇలాంటి పనుల రుణంపై వడ్డీకి మినహాయింపు ఏడాదికి 30 వేలు దాటదు, అదీ మొత్తం 2 లక్షల పరిమితిలోనే. ఆ 2 లక్షలు మీ ఇప్పటి ఈఎంఐ వడ్డీతోనే నిండిపోయి ఉంటాయి.

ఇంత ఎత్తున్న చోట వస్తువు ధరతో ఖర్చు అయిపోదు. పైకెక్కిన ప్రతిసారీ పరంజా కట్టాలి, మనుషులు కావాలి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నాకు తెలిసిన ఒక ఇంట్లో షాండ్లియర్‌కు 36 బల్బులున్నాయి. ఒకటొకటిగా మాడిపోయి 11 ఆరిపోయాయి. దుమ్ము పట్టి గాజు పసుపుపచ్చగా మారింది. ఉగాదికి దాన్ని తుడిపించడానికే మళ్లీ పరంజా కట్టించారు. ఆ ఇంటావిడ ముఖం నాకింకా గుర్తుంది.

అందుకని పరంజాతో చేయాల్సినవన్నీ ఒక్కసారే, బోనస్‌తో చేయించండి. పెయింటింగ్, సీలింగ్, లైట్లు కలిపి 1.50 లక్షలు. 18 శాతం జీఎస్టీ విడిగా వేసినా 1.77 లక్షలే. (మొత్తం 6 లక్షలకైతే ఆ జీఎస్టీయే 1.08 లక్షలు. అది కలిపి చెప్పారో, విడిగానో ముందే అడగండి.) పరంజా ఉండగానే షాండ్లియర్ కొక్కెం శ్లాబులోకి బిగించమనండి, ఫాల్స్ సీలింగ్‌కు కాదు. కిందికి దించే మోటారు కోసం వైరు కూడా అప్పుడే లాగించుకోండి.

ప్యానెలింగ్ పని ఆపండి. చేతికి, చూపుకు అందే ఎనిమిది అడుగుల వరకే వేయించాలనుకుంటే నిచ్చెన చాలు, ఎప్పుడైనా చేసుకోవచ్చు. గోడ బోసిపోతుందనుకుంటే శ్రీకాళహస్తి కలంకారీ పొడవాటి గుడ్డ ఒకటి కొని వేలాడదీయండి. మీ ధర్మవరం పక్కనే నిమ్మలకుంట ఉంది కదా, తోలుబొమ్మల పనితనంతో అక్కడ చేసే లాంప్‌షేడ్లు బరువుండవు. లైటు వేస్తే తోలు మీది రంగులన్నీ వెలుగుతాయి. ఈసారి ఊరెళ్లినప్పుడు చూసి రండి.

ఖర్చులు పోను మీకు నెలకు 37 వేలు మిగులుతోంది. అత్యవసరానికి పక్కన ఉంచుకోవాల్సిన ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపితే 8.28 లక్షలు. ఎఫ్‌డీలో ఉన్నది అందులో సగం కూడా లేదు. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోయినా ఈ ఇల్లు మీదిగా ఉండాలంటే ముందు ఆ లోటు పూడాలి. నెలకు 25 వేలు అటు వేయండి, 12 వేలు ఫోయర్‌కు దాచండి. ఏడాదిన్నరలో అక్కడ 4.50 లక్షలు, ఇక్కడ 2.16 లక్షలు చేరతాయి. షాండ్లియర్ అప్పుడు కొనండి.

ఈలోగా ఒక పని చేయండి. షాండ్లియర్ ఎంత సైజో అంత అట్టపెట్టెను తాడుతో పై అంతస్తు రెయిలింగ్ నుంచి వేలాడదీయండి. దాని అడుగు నేల నుంచి ఏడడుగులకు పైనే ఉండాలి. గుమ్మంలో నిలబడి ఒకసారి, మెట్లు దిగుతూ ఒకసారి చూడండి. వారం రోజులు అలాగే ఉంచండి. కళ్లకు అడ్డొస్తోందనిపిస్తే, అంతకంటే చిన్నదానికి కొటేషన్ అడగండి.