అమెరికాలో తయారైన ఈవీ కొంటే ఇంకా 7,500 డాలర్లు వస్తాయా?

అమెరికాలో తయారైన ఈవీ, అంటే ఎలక్ట్రిక్ కారు, కొంటే 7,500 డాలర్ల ట్యాక్స్ క్రెడిట్ వస్తుందని మీ ఫ్రెండ్ చెప్పింది అబద్ధం కాదండి, కాకపోతే పాత మాట. అట్లాంటాలో ఉంటున్నాం, లోన్ మీద హ్యుందాయ్ ఐయోనిక్ 5 కొందామనుకుంటున్నాం, జార్జియాలోనే తయారవుతుంది కాబట్టి ట్యాక్స్ క్రెడిట్ వస్తుందా అని అడిగారు. ఆ క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తో అయిపోయింది. ఆ తేదీలోపు కాంట్రాక్టు రాసుకుని, ఎంతో కొంత డబ్బు కట్టి ఉంటే బండి తర్వాత చేతికొచ్చినా వర్తిస్తుంది. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకి లేదు. అయితే బండి ఎక్కడ తయారైందనే గొడవ మాత్రం తీరలేదు. ఇప్పుడది మీ లోన్ వడ్డీ దగ్గరికి వచ్చింది. ముందు నా సంగతి చెప్తాను, విన్ నంబర్, అంటే ప్రతి బండికీ ఉండే 17 అక్షరాల గుర్తింపు సంఖ్య, ఎలా చూడాలో అందులోనే తెలుస్తుంది.

నేను ఇదే బండి 2025 మొదట్లో జార్జియాలోనే కొన్నాను. డీలర్ లాట్‌లో 2024 మోడల్ బళ్లు కొన్ని మిగిలి ఉన్నాయి, పక్క వరసలో 2025వి. సేల్స్‌మన్‌ని అడిగితే ఐయోనిక్ 5 ఏదైనా క్రెడిట్ వస్తుందన్నాడు. విండ్‌షీల్డ్ కింద డ్రైవర్ వైపు మూలన ఉండే విన్ నంబర్ వంగి చూశాను. 2024 బండిది కె ఎం 8తో మొదలైంది, అంటే కొరియా బండి. 2025 బండిది 7 వై ఎ. సవానా దగ్గర ఎల్లాబెల్‌లో హ్యుందాయ్ కొత్తగా కట్టిన ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. మొదటిది కొనుక్కుంటే పైసా రాదు, రెండోదానికి మొత్తం 7,500. 2025 మోడల్ అయితే చాలనుకోవడానికి కూడా లేదు, అందులో ఎన్ అనే స్పోర్ట్స్ రకం కొరియాలోనే తయారైంది. బ్రాండు, మోడలు, సంవత్సరం ఏవీ గ్యారంటీ కాదు, మీ ముందున్న ఆ ఒక్క బండి ఎక్కడ తయారైందన్నదే లెక్క.

వాట్సాప్ గ్రూపుల్లో ఒక చిట్కా తిరుగుతుంటుంది: విన్ 1, 4, 5తో మొదలైతే అమెరికా, 2 కెనడా, 3 మెక్సికో. తప్పు కాదు గానీ సగమే. నా బండి నంబరు 7తో మొదలైంది కదా, టెస్లా మోడల్ వై, రివియన్ బళ్లవి కూడా అంతే. అందుకని మొత్తం 17 అక్షరాలూ అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో ఉన్న విన్ డీకోడర్‌లో కొట్టండి, ఫ్యాక్టరీ ఊరు పేరుతో సహా చూపిస్తుంది. లేదా కిటికీకి అతికించిన ధర స్టిక్కర్‌లో ఫైనల్ అసెంబ్లీ పాయింట్, అంటే బండిని చివరిగా బిగించిన చోటు, అని ఉంటుంది, అది చదవండి. అదే డబ్బాలో అమెరికా, కెనడా విడిభాగాలు ఎంత శాతమో కూడా రాసి ఉంటుంది. చాలామంది ఆ శాతం చూసి కంగారు పడతారు, దానికీ దీనికీ సంబంధం లేదు.

బండి ఎక్కడ తయారైందో చూసే ఈ నిబంధన పుట్టింది 2022 ఆగస్టు 16న, బైడెన్ ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ మీద సంతకం పెట్టిన రోజున. ఉత్తర అమెరికాలో, అంటే అమెరికా, కెనడా, మెక్సికోల్లో, ఫైనల్ అసెంబ్లీ జరగని బళ్లకి ఆ రోజు నుంచే క్రెడిట్ ఆగిపోయింది. 2023లో ధర మీద, ఆదాయం మీద పరిమితులు పెట్టారు, ఏప్రిల్ 18 నుంచి బ్యాటరీ షరతులూ వచ్చిపడ్డాయి. మెక్సికోలో తయారయ్యే ఫోర్డ్ మాక్-ఈ ఆ షరతుల వల్లే 2024లో జాబితాలోంచి జారిపోయింది. లీజుకైతే అసెంబ్లీ షరతే లేదు, క్రెడిట్ లీజు కంపెనీకి వెళ్లేది. మనవాళ్లు చాలామంది కొరియా బళ్లు లీజుకి తీసుకున్నది ఆ కిటుకుతోనే. అదీ 2025 సెప్టెంబర్ 30తోనే ముగిసింది.

నాకు 7,500 డీలర్ అక్కడికక్కడే ధరలో తగ్గించాడు. అలా తీసుకున్నా ట్యాక్స్ రిటర్నులో ఆ క్రెడిట్‌కి సంబంధించిన ఫారం 8936 పెట్టాల్సిందే. 2025 సెప్టెంబర్ 30లోపు కొన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, డీలర్ ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) పోర్టల్లో నమోదు చేసిన రిపోర్టు కాపీ దాచుకోండి.

ఇక మీ లోన్ సంగతి. 2025 జూలై 4న సంతకమైన చట్టం కార్ లోన్ వడ్డీని ఏడాదికి 10,000 డాలర్ల దాకా ఆదాయంలోంచి తీసేసుకోనిస్తుంది, 2025 నుంచి 2028 వరకు. ఖర్చులు విడివిడిగా చూపకుండా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లకీ ఇస్తారు. బండి సొంత వాడకానికి కొన్న కొత్తది కావాలి, లోన్ 2024 డిసెంబర్ 31 తర్వాతది కావాలి. లీజుకి రాదు. ఈవీయే కానక్కర్లేదు, పెట్రోల్ కారైనా ఫర్వాలేదు. కానీ ఈసారి ఫైనల్ అసెంబ్లీ అమెరికాలోనే జరగాలి, కెనడా, మెక్సికో చెల్లవు. మెక్సికోలో తయారైన ఈక్వినాక్స్ ఈవీ, బ్లేజర్ ఈవీ, హోండా ప్రొలాగ్ ఇక్కడ అవుట్. ఎల్లాబెల్‌లో తయారైన ఐయోనిక్ 5 పాస్. రిటర్నులో విన్ నంబర్ రాయాలి కాబట్టి ఎవరి మాటా నమ్మకుండా మీరే చూసుకోండి.

ఇది క్రెడిట్ కాదు, డిడక్షన్. అంటే నేరుగా పన్నులోంచి కాదు, పన్ను వేసే ఆదాయంలోంచి తగ్గుతుంది. ఏడాదికి 3,000 వడ్డీ కడుతూ 22 శాతం శ్లాబులో ఉంటే మిగిలేది 660 డాలర్లు. అది కూడా ఇద్దరి ఆదాయం కలిపి 2 లక్షల డాలర్లు దాటనంతవరకే. దాటిన ప్రతి వెయ్యికీ డిడక్షన్‌లోంచి 200 కోస్తారు. కోసేది 10,000లోంచి కాదు, మీరు కట్టిన వడ్డీలోంచి. అంటే 3,000 వడ్డీకి 2 లక్షల 10 వేల దగ్గర వెయ్యి మిగులుతుంది, 2 లక్షల 15 వేలకి సున్నా. మీరిద్దరూ ఉద్యోగాల్లో ఉండి, ఆర్ఎస్‌యూలు (కంపెనీ జీతంతో పాటు ఇచ్చే షేర్లు) కూడా పడుతుంటే ముందు ఆ లెక్క వేసుకోండి. డిడక్షన్ సున్నా అయ్యేట్టుంటే జార్జియా బండా కొరియా బండా అని చూడక్కర్లేదు, డీలర్ దగ్గర ధర మీదే బేరమాడండి.